నల్లముసుగులో ఎవరూ లేరు

ఇరవై రెండేళ్లుగా నేను చేస్తున్న ఉద్యోగం, ఎదురుగా ఉన్న మనిషిని లేడని చెప్పడం.

కబుకి నాటకం చూడటానికి వచ్చినవాళ్లు మా థియేటర్ గుమ్మం దగ్గర ఇయర్‌ఫోన్ తీసుకుంటారు. కింది హాలు చివర గాజుగదిలో నేను మైకు ముందు కూచుని, స్టేజీ మీద జరిగేదాన్ని జరుగుతుండగానే వాళ్ల చెవుల్లో చెబుతుంటాను. ఆ పాతకాలం భాష మాలో ఎవరికీ సరిగా అర్థం కాదు. టోక్యోలో పుట్టి టోక్యోలో పెరిగినవాళ్లకు కూడా టోక్యో నాటకాన్ని నేనే విప్పి చెప్పాలి. మన సంస్కృతి మన రక్తంలోనే ఉందని సభల్లో ఉపన్యాసాలు దంచే పెద్దమనుషులు అందరికంటే ముందు ఇయర్‌ఫోన్ కోసం చెయ్యి చాపుతారు.

తెర లేవగానే నేను చెప్పే మొదటి మాట ఇది: “స్టేజీ మీద తలనుంచి కాళ్లదాకా నల్లబట్టలు వేసుకుని, ముఖానికి నల్లటి ముసుగు కప్పుకున్న వ్యక్తి కనిపిస్తే, దయచేసి కనిపించలేదనుకోండి. నలుపంటే అక్కడ ఎవరూ లేరని అర్థం.”

జనం అక్షరాలా పాటిస్తారు. మావాళ్లంత బుద్ధిమంతులు ఇంకెక్కడా ఉండరు. పొద్దున్నే రైల్లో పక్కసీటువాడు వెక్కివెక్కి ఏడుస్తున్నా చూడకుండా ఉండటం చిన్నప్పుడే నేర్చుకున్నవాళ్లకి, స్టేజీ మీద ఒక మనిషిని చూడకుండా ఉండటం ఏపాటి పని?

అలా నేను రోజూ లేడని చెప్పే మనిషి పేరు మినసె కిరిజో. అరవై ఎనిమిదేళ్లు. మినసె కిరిఎమోన్ గారి దగ్గర నలభై ఒక్క ఏళ్లుగా శిష్యుడు. గురువుగారు కూర్చోబోతే కిందకి పీట జరిపేది, ఆయన చేతికి కత్తి అందించేది, తాగడానికి టీ పట్టుకెళ్లేది, చెమట తుడిచేది, అన్నీ ఈయనే. గత ఆరేళ్లుగా ఇంకో పని కూడా తోడైంది. గురువుగారి తరఫున గుర్తుంచుకోవడం.

కిరిఎమోన్ గారికి డెబ్బై తొమ్మిది. మెడ తిప్పితే చాలు, హాలంతా ఊపిరి బిగబట్టేస్తుంది. అది నిజమే, ఆ విద్యకి నేనూ దణ్ణం పెడతాను. కానీ ఆయన పేరుమోసిన నాటకంలో చివరి రంగం ఉంది. యుద్ధంలో ఓడిన సేనాపతి నది ఒడ్డున ఒంటరిగా నిలబడి ఉంటాడు. ఆయన కవచం తొడుక్కుని, తానే సేనాపతినని శత్రువుల్ని నమ్మించి, ఒక సేవకుడు ఆయన బదులు చచ్చిపోయాడు. సేనాపతి ఆ పగిలిన శిరస్త్రాణాన్ని చేతిలోకి తీసుకుని అంటాడు: “నా కవచం తొడుక్కుని నా బదులు చచ్చినవాడా, నీ పేరేమిట్రా?” వెంటనే పడవవాడు వచ్చి, “దొరా, పడవ వచ్చింది,” అంటాడు. తెర పడుతుంది.

ఆరేళ్ల కిందట కిరిఎమోన్ గారికి ఆ ఒక్క మాట నోట్లోంచి జారిపోయింది. మిగతా నాటకమంతా గుర్తుంది. అదొక్కటే నిలవదు. ఎందుకు నిలుస్తుంది? జీవితంలో ఎవరినైనా పేరడిగిన మనిషైతే గదా. థియేటర్లో నలభై మందిని ఆయన పిలిచే పిలుపు ఒకటే: “ఒరేయ్.”

కాబట్టి ఆ చోట ఆయన శిరస్త్రాణం పట్టుకుని నిలబడతాడు. వెనకాల పీట పట్టుకుని వంగి కూచున్న కిరిజో గారు ముసుగులోంచి మాట అందిస్తాడు. గురువుగారికి చెవులు కూడా మందగించాయి గనక మళ్లీ కొంచెం గట్టిగా అందిస్తాడు. మొదటి వరసలో ఉన్నవాళ్లకి ఆ గుసగుస చక్కగా వినిపిస్తుంది. కానీ అది ముసుగులోంచి వచ్చిన మాట గనక వినపడలేదనుకుంటారు. ఈ తతంగానికి మొదట్లో మూడు ఊపిరుల సేపు పట్టేది.

దీన్ని మరుపు అని ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. ఉర్యు మేష్టారు ఊరుకోలేదు. యూనివర్సిటీలో నాటకశాస్త్రం చెబుతాడాయన. పత్రికల్లో విమర్శలు రాస్తాడు. మరిచిపోయి నిలబడ్డ ముసలాయనలో ఆయనకి మహానిశ్శబ్దం కనిపించింది. “మాటకీ మాటకీ మధ్య ఉన్న శూన్యంలోనే మన జాతి ఆత్మ కొలువై ఉంది” అని రాశాడు. తర్వాత ఆ ఒక్క నిశ్శబ్దం మీదే మూడు వందల పేజీల పుస్తకం రాశాడు. దాంతో నిశ్శబ్దం చూడటానికే జనం రావడం మొదలుపెట్టారు. పై అంతస్తు చివరి వరసలో కూచుని అదను చూసి నటుల వంశం పేరు అరిచే రసికులు రెండు వర్గాలుగా చీలిపోయారు. నిశ్శబ్దానికి ముందు “కిరినోయా!” అని అరవాలని ఒక వర్గం, తర్వాత అరవాలని ఇంకో వర్గం. వాళ్లలో టోఫు కొట్టు నడిపే మొరొయి, వియ్యంకుడు మొదటి వర్గమని తెలిసి మాటలు మానేశాడు.

అన్నిటికంటే కష్టం కిరిఎమోన్ గారి కొడుక్కి వచ్చింది. యాభై రెండేళ్లు, జ్ఞాపకశక్తి బ్రహ్మాండం. రేపు తండ్రి పేరు, తండ్రి వేషం నిలబెట్టాల్సినవాడు. రిహార్సల్లో మాట టక్కున చెప్పేసేవాడు.

“తొందర ఎక్కువ,” అనేవాడు ఉర్యు మేష్టారు తల అడ్డంగా ఊపుతూ. “లోతు లేదు బాబూ. మీ నాన్నగారు ఆ మాట కోసం ఎక్కడెక్కడికో వెళ్లి తెస్తారు.”

“ఎక్కడికెళ్తారండీ, వెనక్కే గదా?” అన్నాడు కొడుకు. తండ్రి చేతిలో విసనకర్రతో నెత్తి మీద ఒకటి తిన్నాడు.

ఇక నా సంగతి. ఆ నిశ్శబ్దం గొప్పతనం గురించి ఉర్యు మేష్టారు రాసిచ్చిన ఆరు వాక్యాల్ని నేను ఆ నిశ్శబ్దంలోనే చదవాలి. నిశ్శబ్దాన్ని వినండి అని జనం చెవిలో వాగాలి. ఇందులో తప్పేమిటో థియేటర్లో ఒక్కరికీ తట్టలేదు. నాకు తట్టింది, కానీ జీతం పుచ్చుకునేదాన్ని కదా, చదివేదాన్ని.

మధ్యాహ్నం ఆటకీ సాయంత్రం ఆటకీ మధ్య కిరిజో గారూ నేనూ వెనక క్యాంటీన్లో ఊడోన్ నూడుల్స్ చారుతో తినేవాళ్లం.

“ఇవాళ ఎన్ని?” అని అడిగేవాడు ముసుగు మడిచి పక్కన పెట్టి.

“తొమ్మిది ఊపిరులు.”

“మధ్యలో తుమ్మొచ్చింది చియే గారూ. మింగేశా. దాంతో రెండు ఎక్కువైనట్టున్నాయి.”

మర్నాడు పత్రికలో ఉర్యు మేష్టారు, ఎనిమిదో ఊపిరి దగ్గర మృత్యువు వచ్చి సేనాపతి భుజం మీద చెయ్యి వేసిందని రాశాడు. కిరిజో గారికి చదివి వినిపించాను.

“మృత్యువు కాదమ్మా, జలుబు,” అన్నాడు చారు జుర్రుతూ.

ఆయనకి ఒకే ఒక్క కోరిక ఉండేది. ముసుగు తీసి స్టేజీ ఎక్కాలి. పెద్ద వేషమేం కాదు. ఆ పడవవాడి వేషం. ఒక్క మాట, “దొరా, పడవ వచ్చింది.” వచ్చే మార్చిలో రిటైరవుతున్నాడు. ఆలోపు ఒక్క పూట చాలన్నాడు.

“మీ సవా కోసమా?” అన్నాను. సవా ఆయన కూతురు, నగోయాలో స్కూలు టీచరు.

గిన్నె కింద పెట్టాడు. “దానికి ఆరేళ్లప్పుడు వాళ్లమ్మ ఆటకి తీసుకొచ్చింది. ఇంటికెళ్లాక అడిగా, ఏమ్మా, నాన్న కనపడ్డాడా అని. లేదు నాన్నా, నువ్వు కనపడలేదు అంది. మంచి మర్యాద తెలిసిన పిల్ల. వాళ్లమ్మ ముందే నేర్పించి తెచ్చింది గదా, నల్లబట్టలవాళ్లని చూడకూడదని.” నవ్వబోయి ఆగిపోయాడు. “అప్పట్నుంచీ మళ్లీ రాలేదు.”

“గురువుగారిని అడిగారా?”

“అడిగా. ఏమన్నారో తెలుసా? ‘నువ్వు పడవేసుకుని వస్తే నా వెనకెవడుంటాడ్రా?’ అన్నారు. ఆ బిరుదేదో తేలిపోనీ, తర్వాత చూద్దాం అన్నారు.”

ఆ బిరుదంటే సామాన్యమైంది కాదు. బతికుండగానే మనిషిని దేశసంపదగా ప్రకటించే బిరుదు. నవంబరులో ఒక మధ్యాహ్నం ఆటకి కమిటీవాళ్లు వచ్చి చూస్తారని కబురొచ్చింది. ఇంతకీ వాళ్లు చూడటానికి వస్తున్నది ఆ నిశ్శబ్దాన్నే. అంటే కిరిజో గారి గుసగుసనే. ఈ మాట నేను గట్టిగా అనకూడదు.

ఆ వారం కిరిజో గారు మెట్లెక్కుతూ రెండుసార్లు ఆగి ఛాతీ పట్టుకున్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్లండని పోరు పెట్టాను.

“కమిటీ వచ్చి వెళ్లాక వెళ్తాలెండి. మంచాన పడితే ఆయనకి మాట ఎవరందిస్తారు?”

“ఆయన సంగతి సరే, మీ సంగతేంటి?”

“నాదేముంది, పడవ గదా. మార్చిలోపు వస్తుంది,” అన్నాడు.

కమిటీ రోజున హాలు కిటకిటలాడింది. అయిదుగురు పెద్దమనుషులు మంచి సీట్లలో కూచున్నారు. తన ఆరు వాక్యాలు వాళ్ల చెవిన పడాలని ఉర్యు మేష్టారు స్వయంగా ఇయర్‌ఫోన్లు పంచాడు. నాటకం గొప్పగా సాగింది. చివరి రంగం వచ్చింది. కిరిఎమోన్ గారు శిరస్త్రాణాన్ని చేతిలోకి తీసుకున్నారు. షామిసెన్ వాద్యం ఆగింది.

నేను నా కాగితం తీసి చదవడం మొదలుపెట్టాను. మూడు ఊపిరులు. అయిదు. మాటకీ మాటకీ మధ్య ఉన్న శూన్యంలోనే. తొమ్మిది. కాగితం అయిపోయింది. తల ఎత్తి చూశాను. సేనాపతి వెనక వంగి కూచుని ఉండాల్సిన నల్లటి ఆకారం పక్కకి ఒరిగిపోయి ఉంది. ఒక చెయ్యి పీట మీదే ఉంది, రెండోది స్టేజీ చెక్కల మీద వాలిపోయి ఉంది.

పన్నెండు.

నేను మొదట ఏం చేశానో దాచను. కాగితం తిరగేసి మొదటి వాక్యం మళ్లీ చదివాను. గొంతు కూడా వణకలేదు. ఇరవై రెండేళ్ల అలవాటు. అక్కడ ఎవరూ లేరని అందరికంటే ఎక్కువసార్లు చెప్పింది నేనే కదా, అందరికంటే ఎక్కువ నమ్మిందీ నేనే.

పధ్నాలుగు. కిరిఎమోన్ గారి చెంపల మీద తెల్లరంగు చెమటకి చారలు కడుతోంది. ఒక్కసారి తల వెనక్కి తిప్పితే తెలిసిపోతుంది. తిప్పలేదు. సేనాపతి వెనక ఎవరూ ఉండరు గదా, ఎవరిని చూడ్డానికి తిప్పుతాడు? పక్కతెర చాటున ఇద్దరు కుర్ర నటులు నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. కమిటీ ఎదురుగా గురువుగారి నిశ్శబ్దాన్ని చెడగొట్టే దమ్ము వాళ్లకెక్కడిది? పై వరసలోంచి మొరొయి ఇక ఆపుకోలేక “కిరినోయా!” అని అరిచాడు. ఉర్యు మేష్టారు రుమాలుతో కళ్లొత్తుకుంటున్నాడు.

నేను మైకు దగ్గరికి వంగాను. “దయచేసి వినండి. నల్లబట్టల్లో ఒక మనిషి ఉన్నాడు. పడిపోయాడు. ఆయన పేరు మినసె కిరిజో. హాల్లో డాక్టరు ఉంటే వెంటనే లేవండి.”

ఎవరూ లేవలేదు. కొందరు తల పంకించారు. కమిటీలో ఒకాయన జేబులోంచి పెన్సిలు తీసి నా మాటలు రాసుకున్నాడు. బహుశా చాలా లోతైన వ్యాఖ్యానం అనుకుని ఉంటాడు.

ఇయర్‌ఫోన్ తీగలు తెంపుకుని గాజుగదిలోంచి బయటికి పరిగెత్తాను. హాలు మధ్యగా స్టేజీ దాకా వెళ్లే పూలబాట ఎక్కాను. వీరులూ, దొంగలూ, దేవతలూ నడిచే దారి అది. ఈ కళని మొదలుపెట్టింది ఒక ఆడదని రోజూ ఇయర్‌ఫోన్‌లో నేనే చెబుతాను, నాలుగొందల ఏళ్లుగా ఆడవాళ్లకి ఈ స్టేజీ మీద చోటు లేదనీ నేనే చెబుతాను. యాభై ఎనిమిదేళ్ల మోకాళ్లతో, రబ్బరు చెప్పులతో టపటపమంటూ ఆ దారిన పరిగెత్తుతున్నాను. ఇప్పుడైనా ఎవరో ఒకరు కేకేస్తారు, ఆపుతారు, కనీసం తిడతారు అనుకున్నాను. రెండు వైపులా ఉన్న ముఖాలు మర్యాదగా నా పక్కనుంచి అవతలికి చూశాయి. అప్పుడు గుర్తొచ్చింది. థియేటరు సిబ్బందికిచ్చే యూనిఫారంలో ఉన్నాను. నల్లకోటు, నల్ల ప్యాంటు.

స్టేజీ ఎక్కి కిరిజో గారి పక్కన కూలబడ్డాను. ముసుగు ముడి విప్పి, బట్ట పైకెత్తాను.

అప్పుడు చూశారు. నెరిసిన జుట్టు, నీలం తిరిగిన పెదాలు, ఆటకి ముందు తిన్న ఊడోన్ చారు మరక గడ్డం కింద. ఏడువందల మంది ఒక్కసారి “అయ్యో!” అన్నారు. మూడో వరసలోంచి ఒకావిడ డాక్టర్నంటూ దూకినంత పని చేసింది. తెర బర్రున లాగేశారు.

తెర వెనక డాక్టరమ్మ ఆయన ఛాతీ మీద రెండు చేతులూ వేసి నొక్కుతోంది. కిరిఎమోన్ గారు ఇంకా శిరస్త్రాణం పట్టుకునే ఉన్నారు. ఆయన నోటినుంచి వచ్చిన మొదటి మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

“లైను చెప్పకుండా ఏం చేస్తున్నాడు వీడు?”

తెర అవతల చప్పట్లు మారుమోగాయి. నాటకం అలాగే ముగుస్తుందనుకున్నారు కాబోలు.

కిరిజో గారు బతికారు. ఆరోగ్యం మాత్రం సగమే మిగిలింది, ఇక పీటలు మోసేది లేదన్నారు డాక్టర్లు. పది రోజులకి కిరిఎమోన్ గారికి బిరుదు వచ్చింది. ఉర్యు మేష్టారు పత్రికలో నిండు పేజీ రాశాడు. పంతొమ్మిది ఊపిరుల నిశ్శబ్దం ఈ శతాబ్దంలోనే లేదట. ముసుగు తొలగించి మృతసేవకుడి ముఖాన్ని చూపించడం సంప్రదాయానికి సాహసోపేతమైన చేర్పు అట. నాకు మాత్రం పనివేళలో సీటు వదిలినందుకు మందలింపు ఉత్తరం వచ్చింది. దాన్ని మడిచి వంటింట్లో కదిలే స్టూలు కాలు కింద పెట్టుకున్నాను.

పదిహేనో రోజు పొద్దున ఆస్పత్రికి వెళ్లాను. సవా నగోయా నుంచి వచ్చి తండ్రి పక్కన కూచుని పియర్ పండు చెక్కు తీస్తోంది. తండ్రి ముఖమే ఆమెది. నన్ను చూడగానే లేచి నడుం వంచి దణ్ణం పెట్టింది.

“నన్ను చూశారట చియే గారూ,” అన్నాడు కిరిజో గారు. గొంతు పీలగా ఉంది కానీ కళ్లు నవ్వుతున్నాయి. “ఎలా ఉన్నాను?”

“గడ్డానికి చారు మరకతో ఉన్నారు.”

“అయ్యయ్యో, మొదటిసారి కనపడి అలాగా!” అని నిజంగానే బాధపడ్డాడు.

అప్పుడే తలుపు తెరుచుకుంది. కిరిఎమోన్ గారు వచ్చారు. బూడిదరంగు పట్టు కిమోనో, చేతికర్ర. వెంట ఎవరూ లేరు. ఇంత మనిషి ఒంటరిగా వచ్చాడంటే క్షమించమంటాడు కాబోలని నేను గోడవైపు జరిగి చోటిచ్చాను. కిరిజో గారు లేవబోయాడు. ముసలాయన వద్దని చేత్తో ఆపి, మంచం మీదికి వంగి, తలుపువైపొకసారి చూసి, గొంతు తగ్గించి అన్నారు.

“ఒరేయ్. వచ్చేవారం బిరుదు సన్మానం. అదే నాటకం వెయ్యమంటున్నారు. ఆ శిరస్త్రాణం దగ్గర మాట... ఏమిట్రా అది?”

కిరిజో గారి పెదాలు కదిలాయి. నలభై ఒక్క ఏళ్ల అలవాటు, నోరు దానంతటదే తెరుచుకుంది. మాట నాలుక చివరిదాకా రావడం నా కళ్లతో చూశాను. ఎక్కడ చెప్పేస్తాడోనని గోడ దగ్గరినుంచి ఒక అడుగు ముందుకేశాను.

నోరు మూసుకున్నాడు. మెల్లగా తల పక్కకి తిప్పాడు. గురువుగారి పక్కనుంచి, ఆయన భుజం మీదుగా, కిటికీవైపు చూశాడు. గదిలో చప్పుడు లేదు. నాకు తెలియకుండానే లెక్క పెడుతున్నాను. అయిదు. ఏడు. పదకొండు.

“సవా,” అన్నాడు. “తలుపు చప్పుడైనట్టుందమ్మా. ఎవరైనా వచ్చారా?”

సవా చేతిలో చాకు ఆగింది. బిరుదు పొందిన ఆ దేశసంపదని తలనుంచి కాళ్లదాకా ఒకసారి చూసింది. మళ్లీ పండు అందుకుని, మంచి మర్యాద తెలిసిన పిల్ల గనక, మెత్తగా జవాబు చెప్పింది.

“లేదు నాన్నా. నాకెవరూ కనపడలేదు.”